బాతుల తుపాకి

కర్నూలు తుపాకుల దుకాణంలో నాయన అబద్ధం చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అది అబద్ధమని కాసేపటికే తెలిసిపోయింది. అయినా నోరు మెదపలేదు. ఆ తర్వాత జరిగిన దాంట్లో నా తప్పు ఎంత అని ఎవరైనా అడిగితే, అక్కణ్ణించే మొదలుపెట్టాల.

మాకు కంభం చెరువు కింద కొంచెం మడి, కొండవైపు మొక్కజొన్న వేసే మెట్ట ఉన్నాయి. మెట్టకు అడవిపందుల బాధ. పంట కాపలాకని తాత కాలం నుంచి ఇంట్లో లైసెన్సు తుపాకి ఉండేది. పందుల్ని చంపడానికి కాదు. గాల్లోకి ఒకసారి పేలిస్తే ఆ చప్పుడుకు నాలుగు రోజులు అటు రావు. తాత పోయినాక లైసెన్సు నాయన పేరు మీదికి మారింది. అమ్మ పోయినాక నేను, మా ఆయన ఆ ఇంటికే వచ్చి నాయనతో కలిసి సేద్యం చేసుకుంటున్నాము.

పోయిన ఏడు వానాకాలంలో ఒక సాయంత్రం ఆ పాత తుపాకి పేల్చినప్పుడు గొట్టాలు మడిచే కీలు దగ్గర నుంచి మంట చిమ్మి నాయన బొటనవేలు కాలింది. తుపాకులు బాగుచేసే ఒక ముసలాయన మార్కాపురంలో ఉంటే తీసుకుపోయి చూపించినాము. గొట్టాలు విప్పి వెలుతురుకు పట్టి చూసి, "ఇంకోసారి పేలిస్తే వేలు కాదు, మొహమే పోతుంది" అన్నాడు.

కొత్తది కొనక తప్పలేదు. నాయన ముఖంలో మాత్రం బాధ కనపడలేదు. కొత్త చొక్కా కుట్టించుకున్న మనిషి మాదిరి ఉన్నాడు.

ఆ పాత తుపాకితో తాత చెరువులో బాతులు కొట్టేవాడంట. అప్పట్లో దానికి అడ్డు లేదు. నడుము లోతు నీళ్లలోకి దిగి, పడిన బాతుల్ని ఏరుకొచ్చే పని నాయనది. ఎన్ని ఏండ్లు అట్ల నీళ్లలో నానినా తాత ఒక్కసారి కూడా తుపాకి చేతికియ్యలేదు. "రేపు, రేపు" అనేవాడంట. ఈలోపల చట్టమొచ్చి వేట ఆగిపోయింది. నాయన ఈ ముచ్చట నాకు చాలాసార్లు చెప్పినాడు. ప్రతిసారీ నవ్వుతానే చెప్పినాడు. అందుకే అది ఆయన మనసులో అంత లోతున ఉందని నేను కనిపెట్టలేదు.

గిద్దలూరు, నంద్యాల మీదుగా బస్సులో పోయినాము. పాత తుపాకి గుడ్డసంచిలో నాయన మోకాళ్ల మధ్య నిలబడి ఉంది. లైసెన్సు పుస్తకం నా చేతిసంచిలో ఉంది. సంచి ఆకారం చూసి ముందు సీటు ఆమె బిడ్డను ఎత్తుకొని లేచి వేరే చోట కూర్చుంది. నాకు తలకొట్టేసినట్టయింది. నాయన మాత్రం కిటికీలోంచి అడవిని చూస్తూ కూర్చున్నాడు.

దుకాణం సందులో ఉంది, ఇనుప గ్రిల్లు వెనకాల. నడిపేది తెల్లగడ్డం సాయిబు. పాత తుపాకిని తిప్పి తిప్పి చూసి పక్కన పెట్టి అడిగినాడు.

"కొత్తది ఏం పనికి పెద్దాయనా?"

"పందులకే భాయ్. పంట కాపలా."

"అయితే ఇది చాలు." పొట్టిగా ఉన్న ఒంటి గొట్టం తుపాకి తీసి బల్ల మీద పెట్టినాడు. "తేలిక. చెడిపోయేది కూడా ఏం లేదు దీంట్లో."

నాకు అదే నచ్చింది. నాయన దాన్ని తాకనైనా తాకలేదు. గోడకున్న పొడుగాటి జోడు గొట్టాలదాన్ని చూపించినాడు.

"అది ముప్పై అంగుళాల గొట్టం. మూతి ఇరుకు. గుళ్లు చెదరకుండా దూరం పోతాయి. ఎగిరే పిట్ట వెంబడి తిప్పడానికి చేసినది. పందిని బెదిరించడానికి అదెందుకు?"

"తియ్యి భాయ్. చూస్తే అరిగిపోతుందా?"

సాయిబు తీసినాడు. గొట్టాలు మడిచి ఖాళీగా ఉన్నాయని ఇద్దరికీ చూపించి నాయన చేతికిచ్చినాడు. "కళ్లు మూసుకో పెద్దాయనా. అట్లనే ఎత్తి భుజానికి ఆనించు. ఇప్పుడు తెరువు. గొట్టం చివర పూస తిన్నగా కనపడిందా, అది నీ ఒంటికి కుదిరినట్టు. పక్కకు పోయిందా, ఎంత మంచి తుపాకైనా నీది కాదు."

నాయన కళ్లు మూసుకొని తుపాకి ఎత్తినాడు. ఎడమ భుజానికి.

నేను ఉలిక్కిపడినాను. ముద్ద తినేది, కొడవలి పట్టేది, పాత తుపాకి పేల్చేది అంతా ఆయన కుడిచేత్తోనే.

సాయిబు కూడా చూసినాడు. "ఎడమచేతి వాటమా?"

"కాదు. కుడి భుజం నొప్పి."

"కన్ను చూపించుకున్నావా?"

"నొప్పి భుజానికైతే కంటికేమొచ్చింది?" నాయన గొంతు గట్టిగా వచ్చింది.

సాయిబు ఒకదాని తర్వాత ఒకటి చేతికి అందించినాడు. మొదటిదాని మడమ, అంటే భుజానికి ఆనే చెక్క, కుడిచేతివాళ్లకు వంచి చేసినదంట, నాయన చెంపకు ఆనలేదు. రెండోది బరువు. మూడోది మడమ తిన్నగా ఉన్నది. నాయన దాన్ని ఎత్తి, కళ్లు తెరిచి, అట్లనే నిలబడిపోయినాడు. తర్వాత మెల్లగా గొట్టాన్ని దుకాణం పైకప్పు పొడుగునా ఒక మూల నుంచి ఇంకో మూలకు తిప్పినాడు. అక్కడ సున్నం పెచ్చులు తప్ప ఏం లేవు. నాయన మాత్రం వరసగా పోతున్న వేటినో చూస్తున్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. నాకు అప్పుడు తెలిసిపోయింది.

"ఇదే" అన్నాడు. "లావు గుళ్ల తూటాలు ఒక పెట్టె. నాలుగో నంబరు ఒక పెట్టె."

"నాలుగో నంబరు పంది తోలు మీద గీత కూడా పెట్టదు. అది బాతులకు."

"చప్పుడుకే కదా. ఏదైతే ఏంది?"

"బాతులు కొట్టే కాలం పోయింది పెద్దాయనా. ఇప్పుడు కొడితే జైలు."

"తెలుసులే భాయ్."

సాయిబు నాయనను చూడడం మాని నా వైపు తిరిగినాడు. వద్దని నేను ఒక్క మాట అంటే ఆ పెట్టె మళ్లీ అరలోకి పోయేది. నాయన తుపాకిని ఎత్తుకున్న బిడ్డ మాదిరి పట్టుకొని ఉన్నాడు.

"ఆయన ఏది అడిగితే అది ఇయ్యండి" అన్నాను.

ఆ ఏడు చెరువు నిండింది. చలికాలం మొదట్లోనే బాతులు దిగినాయి. మా మడి గట్టు మీద నుంచుంటే నీళ్ల మీద నల్లటి చాప పరిచినట్టు కనపడేవి. నాయన రోజూ పొద్దున్నే కట్ట మీదికి పోయి వచ్చి తుపాకి తుడుచుకునేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను.

"నాయనా, ఆ నాలుగో నంబరు వెనక్కి ఇచ్చేద్దామా?"

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెలుసు."

"నేనేం పసిపిల్లోణ్ణా పాపా?" అని లేచి వెళ్లిపోయినాడు. నాకు నలభై ఐదు దాటినా నాయనకు నేను పాపనే. ఆ మధ్యాహ్నం ఆయన లేని సమయం చూసి ఆ పెట్టె తీసి జొన్నల డ్రమ్ములో అడుక్కి తోసినాను.

వారం తిరగలేదు. మా ఆయన మిరపకాయల లోడుతో గుంటూరు పోయి ఉన్నాడు. తెల్లారి పాలు పొయ్యి మీద పెట్టి వాకిట్లోకి వస్తే నాయన మోపెడ్ లేదు. మెట్టకు పోయినాడేమో అనుకున్నాను. లోపలికి పోతే తుపాకి సంచి మంచం మీద ఖాళీగా పడి ఉంది. డ్రమ్ము చుట్టూ జొన్నలు చెల్లాచెదురుగా ఉన్నాయి.

పొయ్యి ఆర్పినానో లేదో కూడా గుర్తు లేదు. స్కూటీ తీసినాను. మంచు పట్టి ముందర బారెడు దూరం కూడా కనపడలేదు. ఎప్పుడు తుపాకి చప్పుడు వినపడుతుందో అని చెవులు రిక్కించుకొని పోతున్నాను. ఏ చప్పుడూ రాలేదు. దాంతో ఇంకా భయమేసింది.

కొండ మొదట్లో చెరువు నీళ్లు పల్చగా పరుచుకునే మూల ఒకటుంది. జమ్ము దట్టంగా పెరిగి ఉంటుంది. మోపెడ్ అక్కడ స్టాండు వేసి ఉంది. పక్కనే చెప్పులు, ఒకదాని పక్కన ఒకటి సర్ది పెట్టినట్టు ఉన్నాయి. బురదలో కాలి గుర్తులు లోపలికి పోయినాయి. నేనూ చెప్పులు విడిచి దిగినాను. నీళ్లు మంచుగడ్డ మాదిరి ఉన్నాయి.

కేక వేద్దామనుకొని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ట్రిగ్గర్ మీద వేలుంటే? కేకకు ఉలిక్కిపడితే? అడుగు తీసి అడుగు వేస్తూ, జమ్ము పక్కకు తప్పిస్తూ పోయినాను. ఇరవై అడుగులు పోయినాక నాయన వీపు కనపడింది. మోకాళ్ల మీద కూర్చొని ఉన్నాడు. తుపాకి ఎడమ భుజానికి ఆనించి ఉంది. గొట్టం కదలడం లేదు.

గొట్టం చూపిస్తున్న వైపు చూసినాను. జమ్ము అవతల, మంచులో, నీళ్ల మీద నల్లగా గుండ్రంగా ఏదో తేలుతోంది. దానిమీద ఇంకేదో వంగి లేస్తోంది. బాతుల గుంపే అనుకున్నాను నేను కూడా. అంతలో ఆ నల్లటిది దగ్గింది.

మనిషి దగ్గు. లారీ ట్యూబు మీద కూర్చొని వల తీస్తున్న మనిషి.

నాయనకు ఆ దగ్గు వినపడలేదో, విని కూడా మనసు ఒప్పుకోలేదో, నాకు ఇప్పటికీ తెలియదు. నేను పరిగెత్తినానా, పడినానా అదీ తెలియదు. గొట్టం కిందికి అరచేయి పోనిచ్చి బలమంతా పెట్టి పైకి ఎత్తినాను. తుపాకి పేలింది.

లోకమంతా ఒక్కసారి తెల్లగా అయిపోయింది. చెవుల్లో గుయ్యిమంటోంది. బాతులు వందల్లో లేచినాయి, రెక్కల గాలి ముఖానికి కొట్టింది. అవి పోయినాక చూస్తే నీళ్ల మీద ట్యూబు ఒక్కటే ఉంది. దానిమీద ఎవరూ లేరు.

"ఏందది?" అన్నాడు నాయన. "ఏందది పాపా?"

"మనిషి నాయనా. మనిషి!"

నాయన చేతిలోంచి తుపాకి జారి బురదలో పడింది. లేవబోయి ముందుకు పడినాడు, మళ్లీ లేచి, "ఎవరయ్యా! ఎవరయ్యా అది!" అని నీళ్లలోకి నడిచినాడు. నేను ఆయన చొక్కా పట్టుకొని వెంట పోతున్నాను. నీళ్లు తొడల దాకా వచ్చినాయి. ట్యూబు ఊరికే తిరుగుతోంది. అంతసేపు నేను ఎప్పుడూ ఎదురు చూడలేదు. నిజానికి పది పదిహేను గుక్కల ఊపిరి కంటే ఎక్కువ ఉండదు.

ట్యూబు అవతల ఒక తల లేచింది. చప్పుడుకు నీళ్లలో పడి, భయంతో అక్కడే మునిగి ఉన్నాడంట. ట్యూబు పట్టుకొని, దగ్గుతూ, మా వైపు నడిచొచ్చినాడు. ఎరిగిన మనిషే. మా మడి పక్కనే వాళ్ల ఇల్లు. నాయనను పెదనాయనా అంటాడు, నేను అన్నా అంటాను. ఒంటి మీద ఎక్కడన్నా రక్తముందేమో అని చేతులు, మెడ, తల అన్నీ తడిమి చూసినాను. ఏమీ లేదు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"చూసి కాల్చినావా, చూడక కాల్చినావా పెదనాయనా?" అని అడిగినాడు. తిట్టలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగినాడు.

నాయన తడి చేత్తో ముఖం తుడుచుకున్నాడు. అన్న మళ్లీ అడిగినాడు.

"చూళ్లేదప్పా" అన్నాడు నాయన. "నాకు కుడికన్ను బొత్తిగా కనపడదు. ఏడాదయింది. ఎడమదాంట్లో కూడా మసక."

నేను ఆయనతో ఒకే ఇంట్లో ఉంటూ, రోజూ అన్నం పెడుతూ, అది తెలుసుకోలేదు.

అన్న ట్యూబును దగ్గరికి లాక్కున్నాడు. "ఎవరికీ చెప్పబాకండి. మా ఇంట్లో తెలిస్తే నన్ను మళ్లీ నీళ్లలోకి దిగనియ్యదు" అని ట్యూబు భుజాన వేసుకొని వెళ్లిపోయినాడు.

తుపాకి ఎత్తి, మిగిలిన తూటా తీసి, ఇంటికి తెచ్చింది నేను. ఆ మధ్యాహ్నమే స్టేషన్లో అప్పగించినాము. కన్ను కనపడదు, ఇంక లైసెన్సు వద్దు అని నాయన రాసిచ్చినాడు. పొద్దున జరిగింది ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. కళ్ల డాక్టరు దగ్గరికి కూడా పోయినాము. కుడికన్ను నరం ఎండిపోయిందంట, ఇక రాదు. ఎడమది ఆపరేషన్ చేస్తే బాగుపడింది.

కట్టు విప్పిన నాలుగో రోజు నాయన తెల్ల చొక్కా వేసుకొని, "రా పాపా, వాళ్లింటికి పోయొద్దాం" అన్నాడు.

"వద్దన్నాడు కదా నాయనా అన్న."

"వాడు వద్దన్నాడు. వాడి పెండ్లానికి, ఆ బిడ్డకు తెలియాల్నా వద్దా? నా వల్ల కావడం లేదు."

అన్న ఇంట్లో లేడు. వదిన వాకిట్లో కత్తిపీట ముందర కూర్చొని చేపలు కోస్తోంది. నాయన కూర్చోకుండా, నిలబడే మొత్తం చెప్పినాడు. బాతులని పోయింది, కన్ను కనపడనిది దాచింది, నేను గొట్టం ఎత్తకపోయుంటే ఏమయ్యేదో అన్నీ. ఆమె మధ్యలో తలెత్తలేదు. చెయ్యి మాత్రం ఆగిపోయింది.

"ఎందుకు చెప్పినావు మామా?" అనింది చివరికి. "చెప్పి నువ్వు తేలికైనావు. నేను ఇప్పుడు రోజూ తెల్లారి ఆయన తిరిగొచ్చేదాకా ఏం చెయ్యాల?"

నాయన చేతులు జోడించినాడు. ఆమె మళ్లీ చేపల మీదికి వంగింది.

ఇప్పుడు పొద్దున్నే మడికి పోయేటప్పుడు ఆమె కట్ట మీద కనపడుతుంది. కొంగు తలమీద కప్పుకొని, నీళ్లవైపు తిరిగి కూర్చొని ఉంటుంది. చాలా రోజులు నేను తల వంచుకొనే దాటిపోయినాను. మొన్న బండి ఆపినాను. ఆమె పక్కకు పోయి నిలబడినాను.

ఆమే అడిగింది. "మామ కన్ను ఎట్ల ఉంది?"

"ఒకటి పోయింది వదినా. ఒకటి బాగుంది."

సరే అన్నట్టు తల ఊపి, మళ్లీ నీళ్లవైపు తిరిగింది.