ఒంగని జీపు

ఆ డ్రైవరును తలచుకుంటే ముందు ఆయన వేళ్లే గుర్తొస్తాయి. లంజిపల్లి నుంచి రంభ ఊరికి పాత జీపు నడిపేవాడు. జనం ఎక్కుతుంటే వెనక చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్లు దూర్చి చూసేవాడు. పట్టకపోతే, "సాలు బాబూ, మరొద్దు" అని మిగిలినవాళ్లను ఆపేసేవాడు.

ఏళ్ల బరువుకు చక్రాల మీద బండిని మోసే కమానులు కుంగి, ఖాళీ జీపు కూడా వెనక్కి ఒరిగింది. మెకానిక్ కమానులకు అదనపు ఇనుప పట్టీలు వేసి సమం చేశాడు.

"ఇక ఇది ఒంగదు మావా. బ్రేకులు మాత్రం పాతవే. తలకాయలు లెక్కెట్టుకో."

మర్నాడు నేనూ ఎక్కాను. అప్పటికే పైకప్పు మీదా మనుషులున్నారు. ఆయన అలవాటుగా వేళ్లు దూర్చాడు.

"ఇంకా ఒంగనేదు. ఎక్కండి."

నేను దిగిపోతుంటే నవ్వాడు. "బయమేటి బాబూ? సందులో సెయ్యి ఎంత సులువుగా ఆడతందో సూడు."

నా చోట్లో ఇద్దరు కూర్చున్నారు. జీపు ఏమాత్రం ఒంగకుండా రంభ వైపు కదిలింది.