డాక్టరు కత్తి మీద తుంపర

ఒకాయమా ఊళ్లో బట్టల మిల్లు కార్మికురాలు హత్సుయే. తోటి ఆడవాళ్లు జీతం అందగానే కొత్త కిమోనో కొనుక్కుంటే, ఆమె పాత కత్తుల వెంట పడింది. దేశం యుద్ధంలో ఓడిపోయిన ఏడాది, పరాయి సైనికులు ఊళ్లోని కత్తులన్నీ కుప్ప పోయించినప్పుడు, తాతగారి కత్తి ఆ కుప్పలో పడడం కళ్లారా చూసిన పిల్ల ఆమె. అప్పుడు మొదలైంది ఆ ఆకలి. మొదట కొన్నది పిడి ముందుండే ఇనుప బిళ్ల మాత్రమే. తర్వాత కడుపు మాడ్చుకుని రెండు పొట్టి కత్తులు. పెళ్లి మాట ఎత్తినవాళ్లతో, "నాకిద్దరు మొగుళ్లున్నారు, ఇద్దరికీ నూనె రాయలేక చస్తున్నా" అనేది.

ఏళ్ల తరబడి దుకాణం అద్దం బయట నిలబడి చూసిన కత్తి మరొకటుంది. అంచు వెంట పొగమంచులాంటి తెల్లని అల. దాన్ని పళ్ల డాక్టరు మిజొగుచి ఒక్క సాయంత్రంలో కొనేశాడు. బేరం కూడా ఆడలేదట! ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు.

కత్తుల సంఘంలో ఆడమనిషి ఆమె ఒక్కతే. చందా అందరితో సమానం. కత్తి చేతికొచ్చేది మాత్రం అందరికంటే ఆఖరున. టీ పోసేదీ ఆమే. సంఘం నియమం ఒకటుంది: ఒర దూసిన కత్తి ముందు ఎవరూ నోరు విప్పకూడదు. నోటి తుంపర పడితే ఉక్కు తుప్పు పడుతుంది.

ఆ నెల సమావేశానికి డాక్టరు తన కత్తిని తెచ్చాడు. అందరి చేతులూ దాటి ఆమె దగ్గరకొచ్చింది. ఆ అలను పిడి నుంచి మొన దాకా దగ్గరగా చూసింది. తిరిగి ఇచ్చేసింది. డాక్టరు దాన్ని చేతిలో పట్టుకునే అన్నాడు:

"మా ఆవిడ దీన్ని చూసి, చేపలు కోసుకోవచ్చా అందండీ!"

పకపకా నవ్వాడు. ఆవగింజంత తుంపర సరిగ్గా అల మీద పడింది. ఆమె తప్ప ఎవరూ చూడలేదు. అతను తుడవకుండానే మొనను ఒర నోటికి ఆనించాడు.

ఆమె లోపల ఏదో తీయగా కదిలింది. పోనీ. వానాకాలం, వచ్చే నెలకల్లా ఎర్రమచ్చ లేస్తుంది. అందరిలో పరువు పోయి అమ్మేస్తాడు. మచ్చపడ్డ కత్తి చవగ్గా వస్తుంది. అప్పుడు కొనేది ఎవరు?

కానీ కత్తి చేసిన పాపమేముంది?

"ఆగండి! ఉమ్మి పడింది."

"నా నోట్లోంచా?"

"ఇక్కడ మాట్లాడింది మీరొక్కరే."

కిమోనో మడతలోంచి మెత్తని కాగితం తీసి, ఆమే ఒక్క ఊపున తుడిచి, వెలుగులో తిప్పి చూసి, మళ్లీ తుడిచింది.

సంఘం పెద్ద కగెయామ గొంతు సవరించుకున్నాడు. "రోజంతా ఊళ్లోవాళ్ల నోళ్లు తెరిపిస్తావు కదయ్యా, నీ నోరు కాస్త మూయలేవూ?"

అందరూ గొల్లుమన్నారు. డాక్టరు ముఖం కందగడ్డయింది. "అయితే హత్సుయేగారూ, నెలకోసారి మా ఇంటికొచ్చి తుడిచిపెట్టండి. ఊరికే వద్దు, కూలి ఇస్తాను."

"నేను మీ పనిమనిషిని కాను డాక్టరుగారూ, సంఘం సభ్యురాలిని. తుడవడం నేర్చుకోండి. విసుగు పుట్టి అమ్మాలనిపిస్తే మాత్రం ముందు నాకే చెప్పాలి."

టీ కెటిల్‌ను అతని వైపు జరిపింది. "ఇవాళ మీరు పోయండి."

కత్తి ఒరలోకి జారి చిన్నగా టక్కుమంది. ఆ చప్పుడు ఇకమీదట అతని ఇంట్లోనే కదా అనుకుంటూ ఆమె ఒర వైపే చూసింది. ఆ అలను తుడిచిన కాగితాన్ని మాత్రం పారేయలేదు. మడిచి కిమోనో మడతలో దాచుకుంది.