పలక మీద ఐదు అక్షరాలు

ఆ కబురు మొదట నాకు చెప్పింది టెక్కలిలో మా వీధికి ఉత్తరాలు తెచ్చే పోస్టుమేన్. ఎండలో నడిచి వచ్చినవాడికి మజ్జిగ ఇవ్వడం మా అత్తగారు నేర్పిన అలవాటు. ఆ రోజు మజ్జిగ తాగి, చెంబు అరుగు మీద పెట్టి, గొంతు తగ్గించాడు.

"అమ్మగోరూ, మరోలా అనుకోకండి. సదవడానికి రాని రాతలో ఉత్తరం ఏదొచ్చినా ఆపీమని పైనుంచి ఆర్డరొచ్చింది. మందస కాడినుంచి మీకొస్తాయి సూడండి, నాలిక తిరగని కార్డులు. మీ వదినమ్మగోరికి ఓ ముక్క సెప్పీండి."

"మా రాతలతో గవర్నమెంటుకి పనేటి?" అని నవ్వాను.

"పనుందనే కదా ఆపమన్నాది. కొండల్లో నక్సలైట్ల గొడవలు కావేటి? ఎవుల్ని నమ్మాలో ఆళ్ళకి తెల్దు."

"అలాగే, రాస్తాలే" అన్నాను. రాయలేదు. కొండల్లో గొడవ కొండల్లోవాళ్ళది, దేవుడి దయవల్ల మనకేం సంబంధం అనుకున్నాను. నా మొదటి తప్పు అది. ఆ మనిషి ఉద్యోగానికి ముప్పని తెలిసీ చెప్పాడు. నేను మజ్జిగ మాత్రం ఇచ్చాను.

ఆ రాత సంగతి చెప్పాలి. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారు పురోహితులు. పొద్దుటి అనుష్ఠానం అయ్యాక వాకిట్లో ఇసుక పరిచి నాకూ, మా మేనత్త కూతురికీ అక్షరాలు దిద్దించేవారు. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ ఆయన పెట్టిన భిక్షే. ఆ మేనత్త కూతురు నాకంటే మూడేళ్ళు పెద్ద, వరసకి వదిన. వర్గాలు వల్లెవేస్తూ ఒకరోజు ఆమెకే తోచింది. క రాయవలసిన చోట చ, చ చోట ట, ట చోట త, త చోట ప, ప చోట మళ్ళీ క. ఆ వరసల్లోని గ, జ, డ లాంటివీ అలాగే జరుగుతాయి. తక్కినవి ఉన్నవి ఉన్నట్టే. అలా రాస్తే తాత పాప అవుతాడు. మేము ఇసుకలో రాసుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళం. నాన్నగారు చూసి, "అక్షరాన్ని ఏడిపించకండే" అనేవారు గాని, చెరిపేవారు కాదు.

వదినను ఉద్దానంలో, మందస దగ్గర ఒక పల్లెకి ఇచ్చారు. కొబ్బరీ జీడీ ఉన్న ఇల్లు. ఆమె భర్త బడిలో మాస్టారు. ఆ ఇంట్లో వచ్చే కార్డూ వెళ్ళే కార్డూ అరుగు మీద పైకి చదివించేవారు. అత్తగారికి చదువు రాదు, వినడం సరదా. అందులో చెడ్డ బుద్ధి లేదు. కాని ఒక ఆడమనిషి తన కష్టం రాసుకోవాలంటే ఎక్కడ రాసుకుంటుంది? అందుకే చిన్ననాటి ఆట మళ్ళీ బయటికి తీసింది. అత్తగారు అడిగితే, "దేవుడి మంత్రాలు అత్తా, పైకి చదవకూడదు" అందట.

అప్పటికే వదినకి మూడుసార్లు కడుపు నిలవలేదు. కొడుక్కి మళ్ళీ పెళ్ళి చేస్తామని అత్తగారు పదిమందిలో అనడం మొదలుపెట్టింది.

ఇక నా వ్రతం. కార్తీక సోమవారాలు నక్షత్రం కనిపించేదాకా ఉపవాసమూ మౌనమూ పట్టేదాన్ని. ఇంట్లో ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసేదాన్ని. మా మామగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా, వేళాకోళం మనిషి. "ఇవాళ మా కోడలి నోరు పలకలో ఉంది, సుద్ద అయిపోతే గాని ఊరుకోదు" అనేవారు.

అలాంటి ఒక సోమవారం మధ్యాహ్నం ఒక పోలీసు అధికారి, ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. అధికారి ఈ ప్రాంతం వాడు కాదు, మాట మెత్తన. వదిన కార్డు బల్ల మీద పెట్టాడు.

"ఇది ఏ రాతమ్మా?"

నేను నోటి మీద వేలు పెట్టి, దేవుడి గది వైపు చూపించాను. మామగారు వ్రతం సంగతి చెప్పారు. అధికారి బూట్లు వాకిట్లో విడిచి మరీ కూర్చున్నాడు. ఆ మర్యాదకి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పుకోవడానికి ఇప్పుడు తలవంపులుగా ఉంది.

"తప్పు చేయనివాళ్ళకి దాచుకునే పనేముంటుందమ్మా? మీరు చెప్పకపోతే మీ మామగారిని స్టేషనుకి పిలిచి అడగాలి. ఆయన గవర్నమెంటు ఉద్యోగి కూడాను."

మామగారి మొహంలో వేళాకోళం పోయింది. "చెప్పీయమ్మా. ఆడపిల్లల రాత, అందులో ఏటుంటాది" అన్నారు.

నోరు విప్పకుండా ఉండడానికి నాకు దేవుడే ఒక సాకు ఇచ్చాడు. పొద్దు వాలేదాకా కదలకుండా కూర్చుంటే చాలు, ఆ మధ్యలో మామగారు ఒక దారి వెతికేవారేమో. నేను లేచి పలక తెచ్చాను. క చ ట త ప అని ఐదు అక్షరాలు రాసి, ఒక్కొక్కటి ఎటు జరగాలో గీతలు గీసి అధికారి ముందు పెట్టాను. నాకు బాగా గుర్తు, అక్షరాలు గుండ్రంగా, అందంగా వచ్చాయి.

ఆయన అక్కడే కూర్చుని కార్డులో రాత విప్పుకున్నాడు. పైకి చదివాడు. రెండు నెలలైందనీ, ఎవరికీ చెప్పలేదనీ, మూడో నెల దాటితే పరమేశ్వరుడికి దీపం పెట్టమనీ. మా వైపు మూడో నెల వెళ్ళేదాకా నీళ్ళోసుకున్న మాట బయట పెట్టరు. మామగారు తల దించుకున్నారు. అంతటితో అయిపోతుందనుకున్నాను. అధికారి మాత్రం కార్డు జేబులో పెట్టుకుంటూ, "మూడో నెలంటే ఏమిటో, దీపమంటే ఏమిటో అక్కడా కనుక్కోవాలి" అన్నాడు. మూసిన మాట విప్పి చూసినా అందులో ఇంకో మాట మూసి ఉందనే అనుమానం.

ఆ సాయంత్రం చుక్క చూసి, నోరు విప్పి, నేను మొట్టమొదట అన్న మాట ఇది: "స్వామీ, నీ దయవల్ల నా మౌనం చెడలేదు."

మర్నాడు ఉద్దానంలో ఆ అరుగు మీద పోలీసులు ఆ కార్డు చదివించారు. అత్తగారు, మాస్టారు, జీడితోటలో పనిచేసేవాళ్ళు, దారినపోయేవాళ్ళు అందరూ విన్నారు. మూడో నెలంటే ఏమిటని వదినని నిలబెట్టి అడిగారు. తప్పేమీ దొరకక వెళ్ళిపోయారు. ఆ నెల తిరగకుండా ఆ కడుపూ పోయింది. వీధిలో చాటినందువల్లేనని అత్తగారు అందట. ఎందువల్ల పోయిందో నాకు తెలియదు. ఎవరు చాటనిచ్చారో తెలుసు. ఆ తరవాత ఆ అత్తగారు ఊరుకోలేదు. మాస్టారికి మళ్ళీ పెళ్ళయింది. వదిన కోటబొమ్మాళిలో పుట్టింటికి వచ్చేసింది.

శివరాత్రికి రావివలసలో కలిసింది. ఎండల మల్లికార్జునుడి ముందు జనం తోసుకుంటున్నారు. నా చేతిలో కొబ్బరికాయ ఆమె తీసుకుని పట్టుకుంది.

"ఏటే మరదలా, చిక్కిపోయావు."

నేను ఏడవబోయాను. క్షమించమని అడగబోయాను.

"నోరిప్పలేదంట గదా. మీ మామగారు చెప్పేరు."

"వదినా, నేను..."

"సోమారం చెడలేదు గదా? అదే చాలు." ఎత్తిపొడుపో, నిజంగానే అన్నదో తెలియని గొంతు. ఎండలో మెరుస్తున్న లింగం వైపు చూసి మళ్ళీ అంది, "ఈయనకి నెత్తిన కప్పు లేదు, ఎండకీ వానకీ ఇలా ఉంటాడు. దేవుడు కాబట్టి చెల్లింది. మనకి ఓ గోడ ఉండాలి గదే."

కొబ్బరికాయ నా చేతికిచ్చి, "ముందు నువ్వు కొట్టు" అంది. నా మీద కోపం ఎప్పుడూ చూపలేదు. ఉత్తరం కూడా మళ్ళీ ఎప్పుడూ రాయలేదు. అన్న పిల్లలకి అక్షరాలు దిద్దిస్తూ పుట్టింట్లోనే ఉండి, అక్కడే కన్నుమూసింది.

దేవుడు నాకు చాలా ఇచ్చాడు, రోజూ చెప్పుకుంటాను. కార్తీక సోమవారం ఉపవాసం ఇప్పటికీ ఉంటాను. మౌనం మాత్రం మానేశాను, పట్టే అర్హత పోయింది. పలక అటక మీద ఉంది.

ఇది చదివినవారు సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆమెను ఒక్కసారి తలుచుకోండి. మూడో నెల దాటాక పెట్టమన్న దీపం నేను పెట్టలేకపోయాను. పేరు చెప్పడం లేదు. ఆమెవన్నీ బయటపెట్టినదాన్ని, అదొక్కటైనా ఆమె దగ్గరే ఉండనివ్వండి.