భిన్నాలు పూర్తయిన వారం

మల్లీశ్వరికి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. కంకిపాడులో ఆమె దగ్గర ఐదో తరగతి చదివే పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. టీచర్ చెవుల వంక ఒకసారి చూసి ఎవరి చోట వాళ్లు సర్దుకుంటారు. ఆ సోమవారం పొద్దున చెవులు ఎర్రబడ్డాయి గానీ, పిల్లల మీద కాదు.

రుచిత ఎడమ చేత్తో రాస్తోంది.

"కుడి చేతికేమైందే?"

"ఏం లేదు టీచర్."

చెయ్యి లాగి చూస్తే మోచేతి కింద రెండు వాతలు, బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా. ఆ పిల్ల తండ్రి దుర్గాశంకర్‌కు మెయిన్ రోడ్డులో బట్టల కొట్టుంది. అవి మీటరు కర్ర వాతలని వేరే అడగక్కర్లేదు.

"ఎందుకు కొట్టారు?"

"అబద్ధం చెప్పానని."

"చెప్పావా?"

"లేదు టీచర్. భిన్నాలు మాకింకా మొదలెట్టలేదన్నాను. వారమంతా డాన్సు ప్రాక్టీసే చేశామన్నాను. మీరేమో అన్నీ వచ్చేసినయ్యని మెసేజ్ పెట్టారంట కదా." రుచిత కళ్లెత్తకుండానే అంది.

మల్లీశ్వరి ఫోను తీసి చూసుకుంది. ఉంది. శనివారం సాయంత్రం, తల్లిదండ్రుల గ్రూపులో, కింద తన పేరుతో సహా. 'ఈ వారం మీ చిన్నారులు భిన్నాల కూడిక, తీసివేతల్లో సంపూర్ణ ప్రావీణ్యం సాధించారు. ఇంట్లో ప్రశ్నలడిగి వారి ప్రతిభను ఆస్వాదించండి.'

ప్రావీణ్యమట! గాడిద గుడ్డు.

ఈ మనిషి ఇలాంటి రాతలు రాసే మనిషి కాదు. ఉయ్యూరు నుంచి రోజూ బస్సులో వచ్చి పదహారేళ్లుగా పాఠాలు చెబుతోంది. అందులో పద్నాలుగేళ్లు ప్రతి శనివారం ఒక్కో పిల్లకీ ఒక్కో చీటీ తన చేత్తో రాసి పంపింది. 'పదమూడో ఎక్కం వచ్చింది, పద్నాలుగు దగ్గర తడబడుతున్నాడు, అన్నానికి ముందు ఒకసారి అప్పజెప్పించుకోండి.' 'ఈ వారం ఏమీ నేర్చుకోలేదు, జ్వరం పడి లేచింది, తొందరపెట్టకండి.' చదువురాని సీతమ్మ తన కొడుకు చీటీని పక్కింటివాళ్ల చేత చదివించుకుని, వెనకాల వేలిముద్ర వేసి పంపేది. వేలిముద్ర ఎవరూ అడగలేదు. తనకు చేరిందని టీచరుకు తెలియాలి కదా అని ఆమె పట్టింపు.

రెండేళ్ల కిందట ఆ చీటీలకు నూకలు చెల్లాయి. గవర్నర్‌పేటలో ఉన్న స్కూలు హెడ్డాఫీసువాళ్లు ఏ వారం ఏ పాఠమో జూన్‌లోనే పట్టిక వేసేసి, దాని ప్రకారం మెసేజీలు కూడా ముందే వండి పెట్టుకున్నారు. శనివారం ఆ వారం మెసేజ్ టీచరు ఫోనులోకి దిగుతుంది. టీచరు కింద తన పేరు తగిలించి గ్రూపులోకి తోసెయ్యాలి. సొంతంగా ఒక్క అక్షరం కలపకూడదు. పిల్లలు నేర్చుకున్నారో లేదో ఆ పట్టికకు అక్కర్లేదు. పోయిన వారం ఐదు రోజులూ పిల్లల్ని ఎండలో నిలబెట్టి చైర్మన్ గారి పుట్టినరోజుకు డాన్సు నేర్పించారు. ఒక్కరోజు నల్లబల్ల మీద సుద్దముక్క ఆనలేదు. పట్టిక మాత్రం భిన్నాలు పూర్తి చేసేసింది.

ఆ మెసేజ్ పంపింది ఎవరు? మల్లీశ్వరే. బస్సులో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, చదవకుండా నొక్కేసింది. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు ఆ అబద్ధం వెళ్లి పదేళ్ల పిల్ల చేతి మీద పడింది. హెడ్డాఫీసు మీద ఎంత మండిందో తన మీద అంతకు రెండింతలు మండింది.

మల్లీశ్వరి ప్రిన్సిపాల్ బసవపున్నయ్య గదిలోకి వెళ్లి ఫోను బల్ల మీద పెట్టింది.

"ఇది తప్పని ఇవాళే గ్రూపులో పెట్టాలండీ."

"ఒక్క పిల్ల కోసం అంత రాద్ధాంతం ఎందుకమ్మా? ఈ వారం రెండు క్లాసులు ఎక్కువ తీసుకుని చెప్పెయ్యండి, సరిపోతుంది."

"భిన్నాలు చెప్తానండీ. ఆ పిల్ల అబద్ధాలకోరు కాదని ఎవరు చెప్తారు?"

"పేరెంట్స్‌కి మనమీద నమ్మకం పోతుంది మేడమ్."

"పోనివ్వండి! ఉంచుకోడానికి మనమేం చేశామని?" అని విసురుగా బయటికొచ్చి, వరండాలోనే నిలబడి గ్రూపులో రాసేసింది. బసవపున్నయ్య నిమిషంలో దాన్ని చెరిపేశాడు. మళ్లీ రాసింది. ఈసారి ఆమెనే గ్రూపులోంచి తీసేశాడు.

మంచిదే అయింది. మధ్యాహ్నం అన్నం మానేసి ముప్పై నాలుగు చీటీలు రాసింది. 'పోయిన వారం భిన్నాలు చెప్పలేదు. డాన్సు నేర్పించాం. నా పేరుతో వచ్చిన మెసేజ్ అబద్ధం. మీ పిల్లల్ని ఏమీ అనకండి. మల్లీశ్వరి.' రేపు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

ముప్పై మూడు చీటీలు పిల్లల చేతికిచ్చింది. ముప్పై నాలుగోది తనే పట్టుకుని, బడి వదలగానే రుచితతో కలిసి కొట్టుకు వెళ్లింది.

దుర్గాశంకర్ లేచి కుర్చీ జరిపాడు. "రండి మేడమ్! మీరు రావడం మంచిదైంది. శనివారం కొట్లో బేరమోళ్లున్నారండీ. మీ మెసేజ్ చదివి వినిపించి, మూడింట ఒకటీ నాలుగింట ఒకటీ కలిపితే ఎంతే అనడిగాను. నోరెళ్లబెట్టింది. పైగా బళ్లో చెప్పలేదంటది! పరువు పోయిందండీ." జవాబు ఆయనకూ తెలియదు, అది వేరే సంగతి.

మల్లీశ్వరి కూర్చోలేదు. "మీ అమ్మాయి చెప్పిందే నిజమండీ. అబద్ధమాడింది నేను." చీటీ చేతికిచ్చింది.

ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. మొహం జేవురించింది. "టీచరమ్మ పేరుందని నమ్మానండీ. మీ మాట నమ్మి నా పిల్లని గొడ్డును బాదినట్టు బాదాను."

"నన్నేమన్నా పడతానండీ. పడాల్సిందే."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నాకేం తెలుసమ్మా... ఇదిగో, ఇప్పుడు టీచర్ గారు రాసిచ్చారు కదా, నమ్ముతున్నానులే."

రుచిత సంచీ భుజం మార్చుకుంది. కోపంతో ఆ పిల్ల చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"మొన్న టీచర్ రాసిందీ నమ్మావు, ఇవాళ టీచర్ రాసిందీ నమ్మావు. నేను చెప్పింది ఎప్పుడు నమ్ముతావు నాన్నా?"

దుర్గాశంకర్ గల్లా పక్కనున్న మీటరు కర్ర తీసి బల్ల కింద పెట్టేశాడు. మల్లీశ్వరి ఉయ్యూరు బస్సు కోసం రోడ్డు దాటింది.