పరీక్ష ఆదివారం పడింది

సుజానా రోజూ పొద్దున్నే మొహం కడుక్కున్నాక రెండు పనులు చేసేది. ఒకటి, పొయ్యి ముందర మోకాళ్ల మీద కూర్చుని చిన్న ప్రార్థన. రెండోది, ఎడమ అరచేతిలో పెన్నుతో ఒక లెక్క రాసుకోవడం. ఇద్దరు కలిసి ఒక పనిని పన్నెండు రోజుల్లో, వాళ్లలో ఒకడు ఒంటరిగా ఇరవై రోజుల్లో చేస్తే, రెండోవాడు ఒంటరిగా ఎన్నాళ్లకు చేస్తాడు, ఇలాంటివి. ఆ చేత్తోనే తల్లి రత్నాలు వెంట కాఫీ తోటకి వెళ్లేది. మధ్యాహ్నం అంబలి తాగేలోపు లెక్క తేలాలి. తేలకపోతే చెమటకీ పండ్ల జిగురుకీ అంకెలు అలుక్కుపోయేవి, ఆ పూటకి ఓడినట్టే. రత్నాలుకి చదువు రాదు. కానీ కొమ్మ వంచాల్సినప్పుడల్లా కూతురి కంటే ముందు తనే చెయ్యి చాపేది, ఆ ఎడమ చేతికి పని తగలకుండా. ఎందుకలా చేస్తోందో పైకి ఎప్పుడూ అనలేదు.

అరకు నుంచి పాడేరు వెళ్లే దారిలో, రోడ్డు దిగి అరగంట నడిస్తే వాళ్ల ఊరు. ముప్పై ఇళ్లు, ఒక రేకుల చర్చి. సుజానా పాడేరులో బీకాం చదివి, రెండు పంటకాలాలు కాఫీ పండ్ల తొక్క తీసే పల్పింగ్ యూనిట్లో తూకం చీటీలు రాసింది. అక్కడికి ఒకరోజు పట్నం నుంచి కొనుగోలుదార్లు వచ్చారు. వాళ్లు తెచ్చిన కాఫీ పొట్లం మీద లోయ పేరుంది, కింద బుట్టతో ఒక గిరిజన ఆడమనిషి బొమ్మ ఉంది. ఆమె బుట్టని నెత్తి మీద పెట్టుకుని పండ్లు కోస్తోంది. మనమైతే నడుముకి కట్టుకుంటాం. నెత్తిన బుట్ట పెట్టుకుని కొమ్మ వంచితే పండ్లన్నీ నేలపాలు. బొమ్మ గీసినవాడికి ఆ ముక్క చెప్పడానికి, పొట్లం ఎలా ఉండాలో, రేటు ఎంతో తేల్చే గదిలో మనవాళ్లు ఒక్కరూ లేకపోయారు. సుజానా ఆ రోజే అనుకుంది, ఆ గదిలోకి వెళ్లి కూర్చోవాలని. అందుకు దారి ఏదని ఆరా తీస్తే, పెద్ద బిజినెస్ స్కూళ్లలో సీటుకి క్యాట్ అనే పరీక్ష ఉందని తెలిసింది.

విశాఖపట్నం వెళ్లి కోచింగ్ తీసుకునే దారి లేదు. పాడేరు కాలేజీలో చదువు చెప్పిన మాధవి మేడం తన దగ్గరున్న పాత పుస్తకాలన్నీ మూటకట్టి బస్సులో పంపించింది. ఆ రోజు ముసురు. డ్రైవరు ఎవరో, పేరైనా తెలీదు, మూటని తన సీటు పక్కన పెట్టుకుని, తన రెయిన్‌కోటు తీసి దాని మీద కప్పి, తను తడుస్తూ దిగి చేతికిచ్చాడు. "పుస్తకాలంట కదమ్మా, తడిస్తే పనికిరావు," అన్నాడు. ఆయన కోసం సుజానా చాలా రోజులు ప్రార్థనలో ఒక మాట చెప్పుకుంది.

ఊళ్లో అందరూ అంత మెత్తగా ఏం లేరు. జీపు నడిపే మేనమామ మల్లేశు కనపడ్డప్పుడల్లా ఆటపట్టించేవాడు.

"ఏటే గుంటా, పిల్లి పరీక్ష ఎంతవరకొచ్చింది?"

"పాల కుండ దాకా వచ్చింది మావా."

"కాఫీ అమ్మడానికి కూడా పరీక్షేటే? మీ అమ్మ ఏ పరీక్ష రాసి సంతలో అమ్ముతోంది?"

"రాయలేదు కాబట్టే కదా మావా, ఆళ్లు సెప్పిన రేటుకి అమ్ముతోంది."

జీపు నిండింది, మల్లేశు హారన్ కొట్టి బండి కదిలించాడు.

నవంబరులో హాల్‌టికెట్ వచ్చింది. పరీక్ష విశాఖపట్నంలో, నెలాఖరు ఆదివారం పొద్దున. సుజానా తేదీని రెండుసార్లు చదువుకుంది. ఆ ఆదివారమే చర్చిలో పంటల పండుగ. ఇంటింటివాళ్లూ తొలి పంట తెచ్చి దేవుడి సన్నిధిలో పెట్టే రోజు. సండే స్కూలు పిల్లల చేత పాట పాడించేది సుజానాయే. పైగా వాళ్ల సంఘంలో గట్టి కట్టుబాటు ఒకటుంది: ఆదివారం ఎవరూ సొంత పని ముట్టుకోకూడదు. పండు రాలిపోతున్నా సరే. కిందటేడు ఆదివారం పూట తోటలోకి వెళ్లినందుకు మల్లేశునే అందరి ముందూ నిలబెట్టి క్షమాపణ చెప్పించారు.

పరీక్షకి ముందు ఆదివారం సుజానా పిల్లలకి గొర్రె కథ చెప్తోంది. విశ్రాంతి దినాన గొర్రె గుంటలో పడితే, ఆ రోజు పని ముట్టుకోకూడదని వదిలేస్తామా, పైకి తీస్తామా అని ప్రభువు అడిగిన కథ. ఆ మాట పుస్తకంలో ఎలా ఉందో అలాగే "గుంటలో పడితే" అని చదివింది. మన వైపు పిల్లలకి గొయ్యి అంటే తెలుసు. గుంట అంటే వాళ్లకి తెలిసిన అర్థం ఒక్కటే, ఆడపిల్ల. ఆరేళ్ల హేమలత లేచి నిలబడింది.

"అక్కా, గుంటలో గొర్రె ఎలా పడతాది?"

పిల్లలంతా గొల్లుమన్నారు. సుజానాకీ నవ్వాగలేదు. "ఇక్కడ గుంట అంటే గొయ్యే, పిచ్చిదానా," అని చెప్పింది. హేమలత కూర్చోలేదు.

"గొర్రె పడితే తీత్తారు. మరి గుంట పడితే తియ్యరేటి?"

"తీస్తారమ్మా. ఎందుకు తియ్యరు?" అంది సుజానా. అన్నాక, చదివిన వాక్యాన్నే మళ్లీ చదివింది. గుమ్మం దగ్గర సంఘ పెద్ద యెహోషువ చేతికర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో తెలీదు.

ఆరాధన అయ్యాక, సుజానాని పరీక్షకి వెళ్లనివ్వాలా వద్దా అని చర్చి కమిటీ కూర్చుంది. సెక్రటరీ సైలస్ మాస్టారు మంచివాడే. మంచివాళ్లు కఠినంగా మాట్లాడాల్సి వస్తే నేల చూస్తూ మాట్లాడతారు.

"వచ్చే ఏడు రాసుకో సుజానమ్మా. చదువు ఎక్కడికి పోతుంది?"

"వచ్చే ఏడూ ఆదివారమే మాస్టారూ. ఆళ్లు మనల్ని అడిగి పెట్టరు."

"నీకొక్కదానికి సడలిస్తే రేపు అందరూ తోటల్లోకి పోతారు. మల్లేశుకి ఏం చెప్తాం?"

వెనక నుంచి మల్లేశు గొంతు వినపడింది. "నాకేటీ సెప్పక్కర్లేదు. నాను పండు కోసం ఎల్లాను. గుంట ఊరి కోసం ఎల్తోంది."

నిన్నటిదాకా పిల్లి పరీక్ష అని నవ్వినవాడే. సుజానా వెనక్కి తిరిగి చూస్తే అతను రేకుల పైకప్పు చూస్తున్నాడు.

"ఇయాల హేమలత నన్ను ఒక మాట అడిగింది," అంది సుజానా. "గొర్రె పడితే తీస్తారు, గుంట పడితే తియ్యరా అని."

"నువ్వేం గోతిలో పడలేదు కదమ్మా," అన్నాడు సైలస్ మాస్టారు. "చదువుకున్నావు, పనుంది."

"నానొక్కదాన్నే కాదు మాస్టారూ, అందరం అందులోనే ఉన్నాం. పుట్టినకాడి నుంచీ ఉన్నాం కాబట్టి గొయ్యని తెలీడం లేదు. నాను ఎక్కుతాను. ఎక్కినాక తాడు వేస్తాను. ఆదివారం పూట ఎక్కినానని ప్రభువు నన్ను కిందకి తోసేత్తాడంటే, నాను నమ్మను."

చివరికి కమిటీ తేల్చిందేమిటంటే, వెళ్తే వెళ్లొచ్చు, కానీ సండే స్కూలు క్లాసు ఆమె చేతిలోంచి తీసేస్తారు. క్రిస్మస్ అయ్యేదాకా ఇవ్వరు. ఆ మాట వింటే దారికి వస్తుందనుకున్నారు. ఆ పిల్లలంటే ఆమెకి ఎంత ప్రాణమో అందరికీ తెలుసు.

"సరే," అంది సుజానా. పాటల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, ఇంటికి నడిచింది. దారిలో ఏడ్చింది, ఆ సంగతి దాచి చెప్పడం ఎందుకు? కానీ తిరిగి మాత్రం చూడలేదు.

శుక్రవారం సాయంత్రం ఆమె బ్యాగు సర్దుకుంటోంది. రత్నాలు దారికని వేయించిన చోడిపిండి, అదే రాగిపిండి, పొట్లం కడుతోంది. యెహోషువ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, అరుగు మీద కూర్చుని, ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మీ, బేగి ఎల్లి బేగి రా. ఆదివారం నువ్వు పరీక్షకి ఎల్లలేదని, జొరమొచ్చి ఇంట్లో పడుకున్నావని సెప్తాను. మన ఏజెన్సీలో జొరమంటే రెండో మాట ఎవడూ అడగడు. నీ కళాసు నీకే ఉంటాది. సైలసుతో నాను మాటాడతాను."

డెబ్భై ఏళ్లలో ఆ పెద్దాయన చర్చిలో అబద్ధం చెప్పి ఎరగడు. ఆమె కోసం చెప్పడానికి సిద్ధపడి, పైనున్న తన ఇంటి నుంచి రెండు కొండలు దిగి వచ్చాడు. సుజానా బ్యాగు పక్కన పెట్టి ఆయన పాదాల దగ్గర కూర్చుంది.

"పెద్దయ్యా, మీరు నాకు ఒక సాయం సెయ్యాలి."

"సెప్పమ్మా."

"జొరమని సెప్పకండి. కళాసు పోతే పోనీండి. అందరూ తొలి పంట పెట్టినాక, మీరు లేచి, రత్నాలు కూతురు సుజానా పరీక్ష రాయడానికి ఎల్లిందని పేరెట్టి సెప్పండి. దొంగతనంగా ఎల్లలేదు, తనకోసం ప్రార్థన సెయ్యమని అడిగిందని సెప్పండి. ఒంట్లో బాగానే ఉందని కూడా సెప్పండి."