దాచిన పదహారు పేజీలు

మా వదినకు లైబ్రరీ మేడమ్ అంటే కడుపుమంట. ఆడపడుచుని నేను ఈ మాట అనకూడదు గానీ, పదకొండేళ్ళుగా ఒకే బల్లకు అటొకరూ ఇటొకరూ కూర్చుని పుస్తకాలు బైండింగ్ చేస్తున్నాం. ఒకరి కడుపులోది ఒకరికి తెలియకుండా ఎలా ఉంటుంది?

లైబ్రరీలో చిరిగినవన్నీ మా దగ్గరికే వస్తాయి. ఎక్కువగా టీనేజ్ పిల్లల నవలలే. పాత కుట్టు విప్పితే పుస్తకం పదహారేసి పేజీల మడతలుగా విడిపోతుంది. వాటిని ఫారాలంటాం. వదిన ఏ ఫారాన్నీ చదవకుండా కుట్టదు. పని సాగక నేను విసుక్కునేదాన్ని.

"ఈ వయసులో నీకు పదహారేళ్ళ పిల్లల గోలేంటి వదినా?"

"వీటిలో పిల్లల కోపాన్ని ఎవరూ నవ్వి తీసిపారెయ్యరు. నాకు పదహారేళ్ళప్పుడు ఇలాంటిది ఒక్కటి దొరికుంటే బాగుండేది" అంది.

అంత చదివే మనిషి కూతురి దగ్గర మాత్రం నోరు విప్పదు. తన చదువు ఏడో తరగతితో ఆగింది, ఏమన్నా అంటే పిల్ల నవ్వుతుందని భయం. ఆ పిల్లేమో స్కూలు అవగానే తిన్నగా లైబ్రరీకి పోయి, మేడమ్ ఎదురుగా కూర్చుని గంటసేపు ఆ కథలే మాట్లాడి వస్తుంది. ఇంటికొచ్చాక "మేడమ్ ఇలా అన్నారు, మేడమ్ అలా అన్నారు". అది వింటూ వదిన గిన్నెలు ఠంగు ఠంగున పెట్టేది.

మొన్న ఒక నవల వచ్చింది. తను చేసిన దొంగతనాన్ని ప్రాణ స్నేహితురాలి మీదకు నెట్టేసిన పిల్ల కథ. చివరికి నిజం ఒప్పుకుంటుందా లేదా అన్నదే అందులో ఉన్నదంతా. మా మేనకోడలు దానికోసం వారం నుంచి కాచుకుని ఉంది. వదిన చివరి ఫారం కుట్టకుండా సొరుగులో పడేసి అట్ట వేసేసింది.

"అదేంటి వదినా?" అన్నాను.

"చివర ఏమైందో తెలియాలంటే నా దగ్గరికే రావాలి. ఆవిడ ఎక్కణ్ణించి తెచ్చి చెప్తుందో చూస్తాను."

నాకు ఒళ్ళు మండింది. మా బల్ల మీంచి పేజీలు తక్కువైన పుస్తకం ఏనాడూ బయటికి పోలేదు. అయినా నోరు మూసుకున్నాను.

మూడోరోజు సాయంత్రం పిల్ల ఆ పుస్తకం పట్టుకుని మా పనిగదికి వచ్చింది.

"అమ్మా, ఇందులో చివరి పేజీలు లేవు."

"వచ్చినప్పుడే లేవేమో" అంది వదిన, సూదిలోకి దారం ఎక్కిస్తూ. దారం ఎక్కలేదు.

"మేడమ్ ఇంకో కాపీ తెప్పిస్తానన్నారు. వద్దన్నాను. నువ్వు చదివేశావుగా, నువ్వే చెప్పు."

"నేనెక్కడ చదివాను?"

పిల్ల పుస్తకం తెరిచి పేజీల కింది మూలలు చూపించింది. ఎండిన జిగురులో వదిన బొటనవేలి ముద్ర, తిప్పిన ప్రతి కాగితం మీదా. ఎదురుగా కూర్చునే నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ కనిపించలేదు.

"రెండు ముద్రలు పడిన చోట నువ్వు ఆగి మళ్ళీ చదివావని అర్థం. ఏ పుస్తకమైనా నేను ముందు ఆ పేజీలే వెతుక్కుంటాను. నువ్వేమో ఒక్క మాటా మాట్లాడవు. అందుకే ఆవిడ దగ్గర కూర్చుంటున్నా."

వదిన సూది పక్కన పెట్టి ఆ ముద్రల మీద వేలు ఆనించి చూసుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"ఈ ముద్రల సంగతి ఆవిడకు తెలుసా?" అంది.

"తెలీదు. ఆవిడకెందుకు చెప్తాను?"

వదిన సొరుగు లాగింది.