నాన్న ఇనుము, నా గొట్టం

మా నాన్నకు ఇనుమంటే నమ్మకం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో వెల్డరుగా చేరి, వెల్డరుగానే రిటైరైన మనిషి. ఎవరింటికైనా పెళ్లికి వెళ్తే పందిరి గుంజను ఓసారి ఊపి చూసి గానీ కింద కూర్చోడు. ఆయన లెక్కలో వస్తువులు రెండే రకాలు: విరిగేవి, విరగనివి. విరిగేదాన్ని ఇంట్లోకి రానివ్వడు.

అలాంటాయన కూతురు చేసే ఉద్యోగమేమో, విరగాల్సిన వస్తువులు తయారు చేయడం. వేళాకోళానికి అనడం లేదు. ఇదే ఊళ్లో ఒక ప్రయోగశాలలో గాజుపీచు బట్టను రెజిన్ అనే జిగురులో తడిపి, పొర మీద పొర చుట్టి గొట్టాలు చేస్తాం. అవి కారు బంపర్ వెనక బిగించడానికి. కారు దేన్నయినా గుద్దితే ఆ గొట్టం కొస దగ్గర మొదలుపెట్టి వరసగా నలిగి పొడి కావాలి. దెబ్బలో ఉన్న బలమంతా ఆ నలగడానికే ఖర్చయిపోతే, లోపల కూర్చున్నవాళ్ల దాకా వచ్చేది తక్కువ. ఇనుప రేకు కన్నా తేలిక, సరిగ్గా చేస్తే అంతకన్నా ఎక్కువ దెబ్బ మింగుతుంది. ఆ సరిగ్గా చేయడం దగ్గరే ప్రాణం పోతుంది. పొరను ఏ వాలులో వేయాలి, కొసను ఎంత చెక్కాలి అని కొట్టుకుంటూనే నాకు ఏళ్లు గడిచాయి. ఇంట్లో ఎవరైనా అడిగితే "కారు పార్టులు" అని ఊరుకునేదాన్ని. నాన్న ఆ ముక్కే పట్టుకుని పేటంతా చెప్పుకునేవాడు.

పాప పుట్టాక ఒక చిన్న కారు కొన్నాం. పొద్దున్నే సుభాష్‌పల్లిలో మా ఇంటి నుంచి ఖరిదాలో నాన్న దగ్గర పాపను దింపి నేను పనికి పోవాలి. ఒక ఆదివారం నాన్న, "కారు ఓపాలి ఇక్కడొగ్గీయమ్మా, కడుగుతాను" అన్నాడు. సరే అని తాళాలు ఇచ్చాను. సాయంత్రం వెళ్లేసరికి కారు ముందు లావుపాటి ఇనుప పైపులతో గార్డు. తన చేత్తో కోసి, వంచి, బండి చట్రానికే వెల్డింగు చేసి, వెండి రంగు కూడా వేశాడు. అతుకులు నున్నగా ఉన్నాయి. పక్కన పాపను చంకనేసుకుని, కొత్త పెళ్లికొడుకులా నిలబడ్డాడు.

"ఇంక లారీ వొచ్చి గుద్దినా మన గుంటకి ఏటీ అవదు" అన్నాడు, పాపను చూపిస్తూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరడిగినారు నాన్నా నిన్ను? ముందు అది తీసీ" అన్నాను. సందులోనే నిలబడి గడగడా చెప్పాను. ఇది బండి చట్రాన్ని నేరుగా పట్టుకుని ఉంది, వెనక నలగాల్సినవాటిని నలగనివ్వదు, దెబ్బ తిన్నగా లోపలికి వస్తుంది, ఎయిర్‌బ్యాగులు సమయానికి తెరుచుకుంటాయో లేదో కూడా చెప్పలేం అని. ఆయన అంతా విన్నాడు. వెల్డింగు అతుకు మీద బొటనవేలితో రాస్తూ, "ముందల ఇనుం ఉంటే దెబ్బ లోపలికెలగొస్తాదే?" అని అడిగాడు. నిజంగా తెలియకే అడిగాడు. నేను మాత్రం "దీంతో నా పిల్లను ఎక్కించను" అనేసి టోటో అనే బ్యాటరీ రిక్షాను ఆపి, పాపతో ఎక్కేశాను.

ఆ వారమంతా మాకు మాటల్లేవు. పాపను టోటోలోనే తీసుకెళ్లి దింపేదాన్ని. ఆయన తలుపు తీసి, పాపను అందుకుని, నా వైపు చూడకుండా లోపలికి పోయేవాడు. కారు ఆయన వాకిట్లోనే ఉండిపోయింది. గార్డు తీయడు, తీయించనివ్వడు. ఆయన మొండి, నేను ఆయన కూతుర్ని.

చివరికి మా సార్‌ను అడిగి, నాన్నను ప్రయోగశాలకు తీసుకెళ్లాను. గెడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ రోజు పరీక్షకు పెట్టిన గొట్టం నేను చుట్టిందే. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, వర్క్‌షాపులో అలవాటు కొద్దీ వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "బరువే నేదు. నువ్వే సేసినావా?" అన్నాడు. వారం తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

ఆయనకు కళ్లద్దాలు పెట్టి, గాజు పలక వెనక నిలబెట్టాను. పై నుంచి బరువైన దిమ్మ గొట్టం మీద పడింది. పెద్ద చప్పుడు. దుమ్ము తగ్గాక చూస్తే గొట్టంలో చెక్కిన కొస ఉన్న కింది సగం పీచుపీచుగా విచ్చుకుని పొడైపోయింది. మావాళ్లు చప్పట్లు కొట్టారు, "ఖూబ్ భాలో, దీదీ" అని నవ్వారు. నేను తెర మీద, గొట్టం దెబ్బను ఎలా మింగిందో చూపే గీతనే చూస్తున్నాను, ఎన్ని నెలలుగానో రమ్మన్నా రాని గీత అది.

అంతలో నాన్న గబగబా వచ్చి నా తల మీద చెయ్యి వేశాడు. "పోన్లే అమ్మా" అన్నాడు, ఎవరికీ వినపడకుండా. "ఇరిగిపోతే ఇరిగిపోనాది. నాకూ ఎన్ని ఇరగనేదు? మల్లీ సేద్దువుగాని. ఈల్లు నవ్వితే నవ్వనీ."

వాళ్లు "చాలా బాగుంది" అన్నది వెక్కిరింపనీ, నన్ను చూసి నవ్వుతున్నారనీ అనుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. వారం రోజుల కోపం ఏమైపోయిందో తెలియదు. ఆయన మీద నాకు అంత ప్రేమ ఉందని అంతకు ముందు ఎప్పుడూ అంత గట్టిగా తెలియలేదు.

మిగిలిన పై సగం తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇది సూడు నాన్నా, బీట కూడా నేదు. కింది సగం పొడైపోయి దీన్ని కాపాడింది. కారులో మనుషులుండేది ఈ పక్కన. మన కారులోనూ ఇలాంటివే ఉన్నాయి, రేకువి. నీ గార్డు వాటిని నలగనివ్వదు."

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "అయితే ఇన్నాల్లూ నువ్వు సేసీది ఇదా" అన్నాడు. "కారు పార్టులు అన్నావు కదేటి."

ఆ సాయంత్రమే కోత మిషను పట్టుకున్నాడు. మెకానిక్‌ను పిలుద్దామంటే, "నాను ఏసింది నానే తీస్తాను" అన్నాడు. పైపులు కోసి గోడ పక్కన పడేసి, చట్రానికి మిగిలిన మొండి ముక్కలను నున్నగా అరగదీసి, రంగు పూశాడు. నేను పాపను వెనక సీటులో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. బయల్దేరబోతుంటే కిటికీ దగ్గరకు వచ్చాడు.

"మరి ఆ గొట్టాలు ఎంత స్పీడు దాకా ఆపుతాయి?"

మీటింగుల్లో ఎన్నోసార్లు చెప్పిన అంకెనే చెప్పాను.

"దానికి మించితే?"

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు. "మించితే నా గొట్టమూ పూర్తిగా ఆపనేదు, నీ ఇనుమూ ఆపనేదు నాన్నా."

ఆయన పాప వైపు చూశాడు. "నా ఇనుం తియ్యమన్నావు, తీసీసినాను. నీ పని కొంతవరకే అంటన్నావు. మరి మిగిలిందానికి నానేటి సెయ్యను?"

కిటికీ అంచు పట్టుకుని, తనే జవాబు చెప్పాడు. "మెల్లగా తోలమ్మా. అదొక్కటీ సెయ్యి."

నేను కారు తోలే వేగానికి పక్కన కూర్చున్నవాళ్లు దేవుణ్ణి తలుచుకుంటారని మా ఆయన వెక్కిరిస్తుంటాడు. ఆ సాయంత్రం ఖరిదా బజారంతా ఒక టోటో వెనకే పాక్కుంటూ వెళ్లాను. వెనక నుంచి ఒకటే హారన్లు. కొట్టుకోనీ అనుకున్నాను.